వేట విరామంలో డీజిల్ ట్యాంకు మారుస్తున్నారా? పని మొదలుపెట్టే ముందు చూడాల్సిన జాగ్రత్తలు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవగానే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ ఒక్కసారిగా మరమ్మతులకు దిగుతాయి. జూన్ 14 వరకు దొరికేది 61 రోజులే. చెక్కపని, రంగులు, ఇంజను, షాఫ్టు అన్నీ ఆలోపే అయిపోవాలి. వీటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది, నిజానికి అన్నిటికన్నా ప్రమాదకరమైనది డీజిల్ ట్యాంకు మార్చడం. పాత బోట్లలో ట్యాంకు అడుగు తుప్పు తినేసి చెమ్మ దిగడం మామూలే. ఈ ఏడాది మీ బోటుకి ఆ పని ఉంటే వెల్డర్‌ని పిలిచే ముందే ఇవి చూసుకోండి.

"డీజిలే కదా, పెట్రోలు కాదుగా" అనే ధైర్యమే కొంప ముంచుతుంది. మన దగ్గర అమ్మే డీజిల్ ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. అంటే కొన్ని రకాల డీజిల్ ఆ మాత్రం వేడెక్కినా నిప్పు తగిలితే అంటుకునేంత ఆవిరి వదలొచ్చు. మే నెలలో విశాఖలో బయటి గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది. ఇక మధ్యాహ్నం పూట మూసి ఉన్న ఇంజను రూములో ఇనుప ట్యాంకు ఎంత కాగుతుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. నిండా ఉన్న ట్యాంకులో ఆవిరికీ గాలికీ చోటుండదు. తోడేసిన ట్యాంకులో రెండూ ఉంటాయి. గాలిలో ఒక శాతం కన్నా తక్కువ డీజిల్ ఆవిరి ఉన్నా పేలుడుకు సరిపోతుంది. అందుకే ఖాళీ ట్యాంకుకే ఎక్కువ భయపడాలి.

కడిగేశాం కాబట్టి ఫర్వాలేదు అనుకోవడం రెండో పొరపాటు. పాత ట్యాంకు లోపలి గోడను ఒకసారి గీకి చూడండి. తుప్పు రేకులు రేకులుగా ఊడుతుంది. రేకుకీ రేకుకీ మధ్య నల్లటి జిగురు మడ్డి, వేలితో రాస్తే సబ్బులా జారుతుంది. అడుగున చేరిన నీళ్లకీ డీజిల్‌కీ మధ్య పెరిగే సూక్ష్మజీవుల మడ్డి అది. డీజిల్‌ని తనలో పట్టి ఉంచుతుంది. వాసన పోయింది కదా అని బయటి నుంచి గ్యాస్ కటింగ్ మంట పెడితే ఆ రేకులు కాగి, మళ్లీ కొత్తగా ఆవిరి వదులుతాయి. పొద్దున ఆవిరి కొలిచే గ్యాస్ మీటరులో సున్నా చూపించిన ట్యాంకు మధ్యాహ్నానికి పేలేది ఇలాగే.

కాబట్టి పని చేసే రోజు ముందుగా వంట గ్యాస్ సిలిండర్ని ఒడ్డుకు చేర్చండి. బ్యాటరీ వైర్లు విప్పేయండి. డీజిల్‌ని చేతి పంపుతో డ్రమ్ముల్లోకి తోడి, మూతలు బిగించి, వెల్డింగ్ జరిగే చోటుకి దూరంగా పెట్టండి. మడ్డిని గీకి తీసి, సబ్బు నీళ్లతో ఒకటికి రెండుసార్లు కడగండి. ఆ మురుగుని హార్బర్ నీళ్లలోకి మాత్రం వదలకండి. తరవాత బయటి నుంచి పెద్ద గొట్టంతో గాలి కొట్టించండి. మామూలు టేబుల్ ఫ్యాన్ లోపల పెట్టి తిప్పితే దాని మోటారులో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆక్సిజన్ సిలిండర్ ఎదురుగానే ఉంది కదా అని దాని గొట్టం ట్యాంకులో పెట్టి గాలి ఆడించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని ఎవర్నీ చేయనివ్వకండి. నూనె అంటిన చోట స్వచ్ఛమైన ఆక్సిజన్ తగిలితే బట్టలు కూడా భగ్గున మండిపోతాయి.

అసలు చిక్కు ఎక్కడ వస్తుందంటే, చాలా బోట్లలో ట్యాంకు పెట్టాకే పైన డెక్కు వేస్తారు. ఇంజను రూము మూతలోంచి ట్యాంకు బయటకు రాదు. "ఇక్కడే నాలుగు ముక్కలు చేసి తీసేద్దాం, ఒక్క పూట పని" అంటారు. నా మాట వింటే ఆ పని వద్దు. డెక్కు చెక్కలు విప్పి, ట్యాంకుని క్రేనుతో గానీ చైన్ పుల్లీతో గానీ మొత్తంగా పైకి తీయించండి. రెండు మూడు రోజులు, కొంత ఖర్చు ఎక్కువవుతాయి. కోసే పని ఒడ్డున ఆరుబయట జరుగుతుంది, అంతకన్నా ఏం కావాలి? లోపలే కోయక తప్పదంటే, కోత పడే చోటు వరకు ట్యాంకులో నీళ్లు నింపి, ఆవిరికి వీలైనంత తక్కువ చోటు మిగిల్చి, పై మూతలు తెరిచి ఉంచి, పై నుంచి కొంచెం కొంచెంగా కోసుకురావాలి. గ్యాస్ మీటరు పెట్టి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా చూడాలి. డీజిల్ ఆవిరి గాలి కన్నా బరువు, కిందికి దిగి బోటు అడుగున కూర్చుంటుంది. అక్కడ కూడా చూడాలి. భోజనానికి వెళ్లొచ్చాక మళ్లీ చూడాలి.

ట్యాంకులోకి మనిషి దిగాల్సి వస్తే మంట సంగతి అటుంచి, ముందు ఊపిరి సంగతి చూడండి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ని వాడుకుంటుంది. చాలాకాలం మూసి ఉన్న ట్యాంకులో అది 20.9 శాతం నుంచి బాగా పడిపోయి ఉండొచ్చు. 19.5 కన్నా తక్కువ చూపిస్తే దిగకూడదు. దిగే మనిషి నడుముకి తాడు, పైన ఆ తాడు పట్టుకుని కదలకుండా ఒకరు ఉండాలి. లోపలి మనిషి సొమ్మసిల్లితే తాడుతో లాగాలి, 108కి ఫోన్ చెయ్యాలి. వెనకే దూకకూడదు. సొంత తమ్ముడు పడ్డా సరే దూకకూడదు. ఇలాంటి ప్రమాదాల్లో కాపాడబోయి చనిపోయినవాళ్లు ఎందరో. ఈ ఒక్క సంగతి కలాసీలందరికీ పని మొదలయ్యే ముందే చెప్పి పెట్టండి, ఆ క్షణంలో చెప్తే ఎవరికీ వినపడదు.

2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్‌లో పదుల కొద్దీ బోట్లు ఎలా కాలిపోయాయో ఎవరూ మర్చిపోలేదు. పక్కపక్కనే కట్టి ఉన్న బోట్లలో మంట ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకింది. అందుకే వెల్డింగ్ ఉన్న బోటుని గుంపులోంచి వేరు చేసి విడిగా కట్టండి. పక్క బోటు వాళ్లకి ముందే చెప్పండి. డ్రై పౌడర్ గానీ ఫోమ్ గానీ ఉన్న మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, మండే డీజిల్ మీద నీళ్లు కొడితే మంట ఇంకా పరుచుకుంటుంది. పని అయ్యాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే ఉండి చెక్క సందుల్లో చూడాలి. వెల్డింగ్ ఎర్త్ క్లాంప్ (కరెంటు తిరిగి మెషీనుకి వెళ్లే వైరు క్లిప్పు) పని జరిగే చోటు పక్కనే పెట్టించండి. దూరంగా ఎక్కడో తగిలిస్తే కరెంటు షాఫ్టు, బేరింగుల మీదుగా పోయి వాటిని పాడుచేస్తుంది.

కొత్త ట్యాంకు విషయంలో నా సలహా, ఒక పెద్దదానికి బదులు మూతలోంచి పట్టే రెండు చిన్నవి చేయించండి. మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు డెక్కు ముట్టుకునే పనుండదు, ఒకదాంట్లో నీళ్లు చేరినా రెండోదానితో ఒడ్డుకు రావచ్చు. జింకు పూత రేకు వద్దు, డీజిల్‌తో కలిసి అది ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను మూసేస్తుంది. లోపల అడ్డు పలకలు తప్పనిసరి. వెయ్యి లీటర్లంటే దాదాపు 830 కిలోలు, అంత బరువు ఒక్కసారిగా ఒక పక్కకి పోతే బోటు ఒరుగుతుంది. ట్యాంకుని తడి చెక్క మీద గానీ గోనె మీద గానీ కూర్చోబెట్టకండి, పాతది కుళ్లింది అక్కడే. కింద గాలి ఆడేలా రబ్బరు పట్టీల మీద పెట్టించి, డీజిల్ మూసే వాల్వుని ఇంజను రూము బయటి నుంచి తిప్పేలా పెట్టించండి.

లీకు పరీక్ష నీళ్లతోనే చేయండి. రెండు మీటర్ల పైపు నిలబెట్టి నింపితే 0.2 బార్ ఒత్తిడి వస్తుంది, అది చాలు. మీటరు పొడవు, మీటరు వెడల్పున్న పలక మీద ఆ ఒత్తిడి రెండు టన్నుల తోపు అవుతుంది. నీళ్లయితే అతుకు ఊడగానే ఒత్తిడి పడిపోతుంది. కంప్రెసర్ గాలి అయితే ఒక్కసారిగా వ్యాకోచించి, పలక ఎగిరి మనిషికి తగులుతుంది. పరీక్ష అయ్యాక బాగా ఆరబెట్టి, నింపేటప్పుడు పైన 5 శాతం ఖాళీ వదలండి.

జూన్ 14 దగ్గరపడేకొద్దీ స్లిప్‌వే (బోట్లను ఒడ్డుకు లాగే వాలు) దగ్గర వరస, వెల్డర్ల కొరత, వాటితో పాటు టెన్షన్ పెరుగుతాయి. అందుకని ట్యాంకు పనిని మే మొదటి వారంలోనే పెట్టుకోండి. నిషేధం ఎత్తేశాక మొదటి వేటకి రెండు ఫిల్టర్లు అదనంగా తీసుకెళ్లండి. మొదటి రోజు ఒడ్డుకు దగ్గర్లోనే తిరిగి, సాయంత్రం డీజిల్‌లోంచి నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ గిన్నె విప్పి అడుగున ఏం దిగిందో చూసుకున్నాకే లోతుకు వెళ్లండి.