చదివిన మిస్టరీ, ఫాంటసీ నవలలపై అభిప్రాయం రాసే పద్ధతి

మిస్టరీ నవల ముగించిన వెంటనే అభిప్రాయం రాయకుండా, హంతకుడెవరో తెలిశాక మొదటి అధ్యాయాలను మరొకసారి తిరగేయండి. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారాలను పాఠకుడికి కూడా చూపాలని ఆంగ్ల డిటెక్టివ్ కథల రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో పెట్టిన నియమం నేటికీ మంచి కొలబద్దే; ఉదాహరణకు, హంతకుణ్ణి పట్టించిన ఆధారం ఆగిపోయిన గడియారమైతే, దాని గురించి రచయిత ముందే ఒక్క వాక్యమైనా రాశారా, లేక చివర్లో హఠాత్తుగా తెచ్చారా అన్నది చూస్తే ఆ ముగింపు న్యాయమైనదో కాదో తేలిపోతుంది. ఫాంటసీలో మంత్రశక్తికి హద్దులేమిటో గమనించండి; మొదట దీపం వెలిగించడానికే సొమ్మసిల్లిన మాంత్రికుడు, కారణమేమీ చెప్పకుండా చివరి యుద్ధంలో సైన్యాన్నంతా కాల్చేస్తే, వర్ణన ఎంత అందంగా ఉన్నా నాకు ఆ కథపై నమ్మకం పోతుంది. నచ్చకపోతే ఎక్కడ, ఎందుకు నచ్చలేదో రాయండి. కథాసారం రెండు వాక్యాలు దాటనక్కరలేదు. రహస్యం విప్పక తప్పకపోతే, ముందే హెచ్చరించి విడి పేరాలో రాయండి.