యాంత్రిక శాస్త్రం ఫైనల్ పరీక్షకు సన్నాహం – 5వ భాగం: మాదిరి పేపరు దిద్దుకోవడం

ఫోను పక్క గదిలో పడేసి, గడియారం ఎదురుగా పెట్టుకుని, మూడు గంటలూ కదలకుండా మాదిరి ప్రశ్నపత్రం రాశారనే అనుకుంటున్నాను. రాయనివారు ఇక్కడే ఆగిపోండి. జవాబులు ముందే చూసేస్తే ఆ పేపరు మీకు ఇక ఎందుకూ పనికిరాదు.

రాసినవారు వేరే రంగు పెన్ను తీసుకోండి. చివరి జవాబు తప్పయిందని లెక్కంతా కొట్టేయవద్దు. పైనుంచి చదువుతూ వచ్చి, మొట్టమొదటి తప్పు ఏ వరుసలో దొర్లిందో దాని కింద గీత గీయండి. కూడికలో పొరపాటైతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. భావనలోనే పొరపాటైతే ఆ సాయంత్రమంతా దానికే కేటాయించండి.

మూడో ప్రశ్న చూద్దాం. 30 డిగ్రీల వాలుతలం మీద 2 కిలోల ఘనగోళాన్ని నిశ్చల స్థితి నుంచి వదిలితే జారకుండా దొర్లుతోంది. స్థైతిక ఘర్షణ గుణకం 0.4. త్వరణం ఎంత?

గుణకం కనబడగానే చెయ్యి ఊరుకోదు. దాన్ని అభిలంబ బలంతో (తలం గోళాన్ని లంబంగా నెట్టే బలంతో) గుణించి, ఘర్షణ 6.79 న్యూటన్లు, త్వరణం సుమారు 1.5 అని రాసేస్తాం. (డిగ్రీలో నేనూ అలాగే రాసి మార్కులు పోగొట్టుకున్నాను.) అయితే 6.79 అనేది స్థైతిక ఘర్షణకు గరిష్ఠ హద్దు మాత్రమే. బావిలో నీళ్లు పైకే ఉంటే చేంతాడంతా వదలం కదా. ఘర్షణ కూడా అవసరమైనంతే పనిచేస్తుంది. కాబట్టి దాన్ని తెలియని రాశిగానే ఉంచి, రెండు సమీకరణాలు రాయాలి.

వాలు వెంట బరువు అంశం 2 × 9.8 × 0.5, అంటే 9.8 న్యూటన్లు. అందులోంచి ఘర్షణ తీసేస్తే మిగిలేది 2 × త్వరణం. ఇక భ్రమణం: ఘనగోళం జడత్వ భ్రామకం (తిరగడంలో మార్పును ఎదిరించే గుణం) ద్రవ్యరాశి × వ్యాసార్ధ వర్గంలో 2/5 వంతు. గోళాన్ని తిప్పేది ఘర్షణే కాబట్టి ఘర్షణ × వ్యాసార్ధం = జడత్వ భ్రామకం × కోణీయ త్వరణం. జారడం లేదు కాబట్టి త్వరణమంటే వ్యాసార్ధం × కోణీయ త్వరణమే. వ్యాసార్ధం రెండు వైపులా కొట్టుకుపోయి, ఘర్షణ = 0.8 × త్వరణం అని తేలుతుంది. ప్రశ్నలో వ్యాసార్ధం ఇవ్వనిది అందుకే, అచ్చుతప్పు కాదు.

9.8 = 2.8 × త్వరణం. త్వరణం సెకను వర్గానికి 3.5 మీటర్లు, ఘర్షణ 2.8 న్యూటన్లు. ఇది 6.79 కన్నా తక్కువే కాబట్టి గోళం నిజంగానే దొర్లుతుంది. 0.4 అవసరమైంది ఈ ఒక్క సరిచూపుకే.

శక్తి నిత్యత్వంతోనూ సరిచూడండి. వాలు వెంట 2 మీటర్లు దొర్లితే దిగిన ఎత్తు 1 మీటరు. త్వరణంతో లెక్కించినా, శక్తితో లెక్కించినా వేగ వర్గం 14 రావాలి.

వచ్చే భాగంలోపు ఇదే లెక్కను 60 డిగ్రీల వాలుతో చేయండి. ముందు దొర్లుతుందనే అనుకుని, అందుకు కావలసిన ఘర్షణను హద్దుతో పోల్చండి. హద్దు దాటితే రెండు సమీకరణాల్లో ఏది మారుతుందో, దొర్లే షరతు ఏమవుతుందో రాసి ఉంచండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.