సముద్రపు నీటి శాంపిల్ – 3వ పాఠం: పడవ మీద నాలుగు చేతులు

పోయిన పాఠంలో సీసాలను యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఒక్కోదాన్ని రెండేసి జిప్ కవర్లలో పెట్టుకున్నాం. ఇవాళ విశాఖ చేపల రేవులో పడవ ఎక్కుదాం.

మనం కొలవబోయేది ఆ నీళ్ళలో కరిగిన జింకును. ముందు ఒక లెక్క. నడిసముద్రం పైనీళ్ళలో జింకు లీటరుకు పది నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లో వంతు) కూడా లేని చోట్లున్నాయి. వెంట్రుక మందమంత జింకు నలుసు ఒక్కటి దాదాపు ఒక మైక్రోగ్రాము తూగుతుంది, అంటే వెయ్యి నానోగ్రాములు. లీటరు సీసాలో అది కరిగితే మీ జవాబు వందరెట్లు తప్పు. తీరం దగ్గర జింకు ఎక్కువే ఉంటుంది, కానీ చేతులకు అలవాటు ఇక్కడే కావాలి.

ఆ నలుసు చాలాసార్లు మన పడవదే. తుప్పు, రంగు పెచ్చులు, జింకు పూత మేకులు, ఇంజన్ పొగ. అందుకే "అన్నా, గాలికెదురుగా మెల్లగా పోనియ్" అని చెప్పి, పడవ ముందుకొన నుంచే నీళ్ళు తీసుకోండి. పడవ అప్పటికింకా తాకని నీళ్ళు అక్కడే దొరుకుతాయి.

ఇక చేతులు. ఇద్దరూ పౌడర్ లేని గ్లోవ్స్ వేసుకోవాలి, ఆ పౌడర్‌లోనూ జింకు ఉండొచ్చు. ఒకరివి బయటి చేతులు: పెట్టె మూత, తాడు, బయటి కవరు వాళ్ళ పని. రెండోవారివి లోపలి చేతులు: లోపలి కవరు, సీసా తప్ప ఇంకేదీ ముట్టరు. మడి కట్టుకున్నవాళ్ళు అన్నీ పక్కవాళ్ళ చేత తెప్పించుకున్నట్టే.

బయటి చేతులు బయటి కవరు తెరిచి పట్టుకుంటే, లోపలి చేతులు లోపలి కవరు తెరిచి సీసా తీస్తాయి. మూత పెట్టే ఉంచి, చెయ్యి చాచి నీళ్ళలోకి దించండి. నీటి పైపొరలో లోహాలు పోగవుతాయి కాబట్టి మూత లోపలే తియ్యాలి. రెండు మూడుసార్లు తొలిపి, నింపి, లోపలే బిగించి పైకి తియ్యండి.

నా మొదటి ట్రిప్‌లో కెరటం కుదిపేసరికి లోపలి చేతులతో పడవ అంచు పట్టుకున్నాను. టెన్షన్‌లో గ్లోవ్స్ మార్చలేదు. ఆ ఒక్క సీసాలో జింకు పక్క సీసాలకన్నా ఎన్నోరెట్లు వచ్చింది, పారబోశాం. పడిపోయేట్టుంటే తప్పకుండా పట్టుకోండి. వెంటనే గ్లోవ్స్ మార్చండి.

ల్యాబు నుంచి తెచ్చిన అతిశుద్ధ జలాన్ని కూడా పడవ మీదే ఒక ఖాళీ సీసాలో పోసి తీసుకెళ్ళండి. అందులో జింకు కనబడితే తప్పు మన దగ్గరే ఉంది.

వడపోత, యాసిడ్ కలపడం వచ్చే పాఠంలో. అప్పటిదాకా ఇంట్లో బకెట్ నీళ్ళతో, ఇద్దరూ మాట్లాడుకోకుండా, పదిసార్లు చేసి చూడండి.