విద్యుత్ వాహకత ప్రయోగం ఇంట్లో సరిగ్గా చేయడం ఎలా?

సైన్స్ ఫెయిర్ రోజులు వచ్చాయంటే తిరుపతిలో ఏ బడికి వెళ్లినా ఈ ప్రాజెక్టు ఒకటి కచ్చితంగా ఉంటుంది. అట్టమీద బ్యాటరీ, చిన్న లైటు, రెండు వైర్లు, పక్కన గ్లాసులో నీళ్లు. పిలకాయ వైర్లు నీళ్లలో ముంచుతాడు, లైటు వెలుగుతుంది. చార్టు మీద ‘నీరు మంచి విద్యుత్ వాహకం’ అని పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. అది తప్పు. ఆ గ్లాసులో కరెంటును మోసినవి నీళ్లలో కరిగి ఉన్న లవణాలు. అసలు నేర్చుకోవాల్సింది ఏమిటో దానికి నేరుగా విరుద్ధమైనది నేర్చుకుని ఆ పిల్లవాడు ఇంటికెళ్తున్నాడు. తొమ్మిదో తరగతిలోనో పదిలోనో అయాన్ల (విద్యుదావేశం ఉన్న పరమాణువుల) పాఠం వచ్చినప్పుడు ఈ తప్పే అడ్డం పడుతుంది.

ఇదే ప్రయోగాన్ని సరైన వరుసలో చేస్తే పరమాణువు లోపల ఏముందో కూడా దాంతోనే అర్థమవుతుంది. నేను పిలకాయలతో చేయించే పద్ధతి కింద రాస్తున్నాను. వరుస మాత్రం మార్చొద్దు.

సామాన్లు

9 వోల్టుల చదరపు బ్యాటరీ, దాని క్లిప్పు, 470 ఓమ్‌ల రెసిస్టర్, మామూలు ఎర్ర ఎల్ఈడీ, క్రొకొడైల్ క్లిప్పులున్న వైర్లు, రెండు పెన్సిళ్లు, అట్టముక్క, గాజు గ్లాసు, ప్లాస్టిక్ చెంచా, ఎమ్రీ పేపరు, ఉప్పు, చక్కెర, స్వేదనజలం (డిస్టిల్డ్ వాటర్) ఒక బాటిల్. ఎలక్ట్రానిక్ స్పేర్లు అమ్మే ఏ షాపులోనైనా మొదటి నాలుగూ దొరుకుతాయి.

ఎల్ఈడీ ఎర్రదే ఉండాలి. తెల్లదానికి సుమారు 3 వోల్టులు కావాలి, ఎర్రదానికి దాదాపు 2 చాలు. బ్యాటరీ కూడా 9 వోల్టులదే తీసుకోండి. రెండు పెన్సిల్ సెల్లులు కలిపితే 3 వోల్టులు వస్తాయి కదా అని చాలామంది వాటితోనే కానిచ్చేస్తారు. లోహాలకు అది సరిపోతుంది. ఉప్పునీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎల్ఈడీ తన వాటా తీసుకున్నాక నీళ్లకు మిగిలేది 1 వోల్టే. నీళ్లలో మనం ముంచే పెన్సిళ్ల దగ్గర రసాయన చర్య సాగాలంటే సుమారు 2 వోల్టులు ఉండాలి. అందుకే లైటు వెలగదు, ‘ఉప్పునీరు వాహకం కాదు’ అని ఇంకో తప్పు చార్టెక్కుతుంది.

వైరింగ్

బ్యాటరీ ప్లస్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు. పొట్టి కాలు నుంచి ఒక వైరు, బ్యాటరీ మైనస్ నుంచి ఇంకో వైరు. ఈ రెండింటి కొసలే మన పరీక్ష కొసలు. ఒకదానికొకటి తాకిస్తే లైటు వెలగాలి, వెలగకపోతే ఎల్ఈడీని తిప్పి పెట్టండి. రెసిస్టర్ లేకుండా నేరుగా కలిపితే ఎల్ఈడీ మాడిపోతుంది.

ఇంటి ప్లగ్గుకు హోల్డరు బల్బు కట్టి, దాని వైర్లు ఉప్పునీళ్లలో ముంచి చూపించే పద్ధతి ఒకటుంది. ఆ పని ఎవరూ చేయొద్దు, పెద్దవాళ్లు పక్కనున్నా సరే. 230 వోల్టులు, నీళ్లు, పిల్లల చేతులు ఒక్కచోట ఉండకూడదు. ఫోన్ చార్జరును విప్పి వాడటం కూడా వద్దు. బ్యాటరీ తప్ప మరేదీ ఈ బల్ల మీదికి రాకూడదు.

ముందు బొమ్మ, తర్వాతే పరీక్ష

ఏ వస్తువునైనా తాకించే ముందు దాని పరమాణువు బొమ్మ నోటుపుస్తకంలో వేయించండి. ఊహ రాయించండి. రాసిన తర్వాతే వైరు చేతికివ్వండి. లైటు చూశాక రాసేది ఊహ కాదు.

రాగితో మొదలుపెట్టండి. పరమాణు సంఖ్య 29. కేంద్రకంలో 29 ప్రోటాన్లు, చుట్టూ 29 ఎలక్ట్రాన్లు. కక్ష్యల వారీగా 2, 8, 18, 1. బొమ్మలో కేంద్రకాన్ని పెద్ద చుక్కగా పెడతాం గానీ నిజానికి అది రాగి పరమాణువు కన్నా ఇరవై వేల రెట్లకు పైగా చిన్నది, ఆ మాట బొమ్మ కిందే రాయించండి. చిట్టచివరి ఆ ఒక్క ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు తక్కువ. రాగి ముక్కలో పరమాణువులు దగ్గరదగ్గరగా కుదురుకున్నప్పుడు ఆ ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ చెందకుండా ముక్కంతా తిరుగుతుంటాయి. వీటినే స్వేచ్ఛా ఎలక్ట్రాన్లంటాం. జె.జె. థామ్సన్ 1897లో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టాడు, లోహాల్లో కరెంటును అవే మోస్తాయని మూడేళ్లకే, 1900లో, పాల్ డ్రూడ్ వివరించాడు. కేంద్రకం ఉందని రూథర్‌ఫర్డ్ చెప్పింది 1911లో. ఈ వరుస పిల్లలకు చెప్పండి, వాళ్లకు ఆసక్తి పుడుతుంది.

బ్యాటరీ తగిలించగానే ఎలక్ట్రాన్లు వేగంగా పరుగెత్తుకొచ్చి లైటు వెలిగిస్తాయని చాలామంది అనుకుంటారు. ఇలాంటి వైరులో ఎలక్ట్రాన్ల సగటు నడక సెకనుకు ఒక మిల్లీమీటరు కన్నా చాలా తక్కువ. మామిడి తోటలో డ్రిప్పు పైపు అప్పటికే నిండుగా ఉంటే, గేటువాల్వు తిప్పగానే చివరి చెట్టు దగ్గర కూడా చుక్క రాలుతుంది కదా, అలాగన్నమాట. వైరు నిండా ఎలక్ట్రాన్లు ముందే ఉన్నాయి, బ్యాటరీ వాటిని ఒక దిక్కుకు నెడుతుంది.

‘చివరి కక్ష్యలో ఒకటి, రెండు, మూడు ఎలక్ట్రాన్లుంటే వాహకం’ అని గైడ్లలో ఉంటుంది. దాన్ని సూత్రంగా బట్టీ పట్టించొద్దు. హైడ్రోజన్‌కూ ఉన్నది ఒక్క ఎలక్ట్రానే, ఆ వాయువు మామూలుగా కరెంటును పోనివ్వదు. పరమాణువులో ఏముందనేది సగం కథ. ఆ పరమాణువులు ఒకదానితో ఒకటి ఎలా కలిశాయన్నది మిగతా సగం.

గట్టి వస్తువులు

ఇది తేలిక, త్వరగా కానివ్వండి. రాగి చెంబు, ఇనుప మేకు, అల్యూమినియం గిన్నె, స్టీలు చెంచా వెలిగిస్తాయి. ప్లాస్టిక్, చెక్క, రబ్బరు, గాజు వెలిగించవు. మోసం చేసేది పైపూత. మోటార్ వైండింగ్ షాపు నుంచి తెచ్చిన రాగి తీగ ఎంత తాకించినా వెలగదు, ఎందుకంటే దాని ఒళ్లంతా ఎనామెల్ పూత. మా చిత్తూరు వైపు బోరు మోటార్లు కాలని పల్లె లేదు కాబట్టి ఈ తీగ పిలకాయలకు ఊరికే దొరుకుతుంది, ‘రాగి పనిచేయట్లేదు సార్’ అని వాళ్లు వచ్చేదీ దీంతోనే. కొసలు ఎమ్రీ పేపరుతో గీకండి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల కొన్న కొత్త ఇత్తడి సామాన్ల మీద కూడా మెరుపు పోకుండా వార్నిష్ ఉండొచ్చు. వాటిని అడుగున గీకి చూడండి.

రాగికీ ఇనుముకూ ఈ లైటు తేడా చూపించదు. ఇనుము నిరోధకత (కరెంటును అడ్డుకునే గుణం) రాగికి దాదాపు ఆరు రెట్లున్నా, మనం పెట్టిన 470 ఓమ్‌ల ముందు చిన్న ముక్కలో అది లెక్కలోకి రాదు. కాబట్టి ‘రెండూ సమాన వాహకాలు’ అని రాయించొద్దు.

చివరగా పెన్సిల్ పరీక్షించండి. రెండు వైపులా చెక్కి, రెండు నల్ల కొసలకూ క్లిప్పులు తాకిస్తే లైటు వెలుగుతుంది. లోహం కాదే, మరి ఎలా? కార్బన్‌కు ఎలక్ట్రాన్లు 2, 4. గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్ పక్కనున్న మూడింటితోనే గట్టిగా కలుస్తుంది, నాలుగో ఎలక్ట్రాన్ పొర వెంట తిరగగలదు. వజ్రంలో నాలుగూ బంధాల్లో చిక్కుకుంటాయి, అందుకే వజ్రం కరెంటును పోనివ్వదు. రెండూ ఒకే కార్బన్. కలిసిన తీరు మారింది, కరెంటు దారి మారింది. ఇందాకటి సగం కథ మాటకు ఇదే రుజువు. ఈ పెన్సిళ్లే ఇప్పుడు నీళ్లలోకి వెళ్తాయి.

నీళ్ల దగ్గర నిదానించండి

ప్రయోగం చెడేది ఇక్కడే. లైటు వెలిగించడం ఎవరికైనా వస్తుంది. ముందు నీళ్లలో వెలగకుండా చూపించగలగాలి. అది చూడకపోతే ఉప్పు ఏం చేసిందో పిల్లవాడికి తెలియదు.

కావాల్సింది స్వేదనజలం. ఆర్వో క్యాను నీళ్లు స్వేదనజలం కాదు. సీసాల్లో అమ్మే మంచినీళ్లు కాదు. కాచి చల్లార్చిన నీళ్లు అసలే కాదు, ఎందుకంటే కాచినప్పుడు ఆవిరైపోయేది నీరు, లవణాల్లో ఎక్కువ భాగం గిన్నెలోనే ఉండిపోతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మేచోట సీలున్న స్వేదనజలం బాటిల్ అడగండి. అక్కడే యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి కాబట్టి పిల్లలను ఒంటరిగా పంపకండి, లేబుల్ చదివి మీరే తెండి. విడిగా పోసిచ్చేది తీసుకోవద్దు.

గ్లాసు గాజుదే ఉండాలి. స్టీలు గ్లాసుకు పెన్సిళ్లు తగిలితే కరెంటు గ్లాసు గుండా పోతుంది. కలపడానికి స్టీలు చెంచా కూడా ఇందుకే వద్దు. గ్లాసును కడిగాక, చివరి కడుగు స్వేదనజలంతోనే కడిగి పారబోయండి. సబ్బు మిగిలినా, కొళాయి నీటి చుక్కలు మిగిలినా పరీక్ష పాడవుతుంది. పెన్సిల్ కొసలను కూడా అలాగే కడిగి, ఆ తర్వాత వేలితో ముట్టుకోకండి. వేలి చెమటలో ఉప్పుంటుంది.

అట్టముక్కకు 2 సెంటీమీటర్ల దూరంలో రెండు రంధ్రాలు చేసి పెన్సిళ్లు గుచ్చి, గ్లాసు మీద మూతలా పెట్టండి, పై కొసలకు పరీక్ష వైర్ల క్లిప్పులు తగిలించండి. చేత్తో పట్టుకుని ముంచితే ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉంటాయి, వెలుగు మారితే కారణం ఉప్పో చెయ్యో తెలియదు. కిటికీ తెర వేయండి, కటిక చీకటి అక్కర్లేదు.

ఇప్పుడు స్వేదనజలం పోసి చూడండి. లైటు కనిపించకూడదు. వెలుగు కనిపిస్తే ముందుకు వెళ్లకండి, పారబోసి మళ్లీ కడగండి. ‘కొంచెమే కదా’ అని వదిలేస్తే తర్వాత చూసేవన్నీ అనుమానమే. స్వచ్ఛమైన నీటిలో అణువులన్నీ దాదాపు విడిపోకుండా ఉంటాయి, ఆవేశాన్ని మోయడానికి అయాన్లు అత్యల్పం.

తర్వాత, పొడి ఉప్పు. కాగితం మీద కుప్ప పోసి రెండు కొసలూ గుచ్చితే వెలగకూడదు. నవంబరు వానల్లో మన వంటింటి ఉప్పు చెమ్మగిల్లి ఉంటుంది, కాబట్టి పెనం మీద వేయించి చల్లార్చాకే పరీక్షించండి. సోడియం తన చివరి ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేసి ధన అయాన్ అయింది, క్లోరిన్ రుణ అయాన్ అయింది. రెండూ ఉన్నాయి గానీ స్ఫటికంలో బిగుసుకుని కదలలేవు. ఉప్పు కరిగించి ద్రవంగా చూపిద్దామని పొయ్యి మీద ప్రయత్నించకండి, అది కరిగేది 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర.

పెన్సిల్ కొసలకంటిన ఉప్పును స్వేదనజలంతో కడిగి, మళ్లీ గ్లాసులో పెట్టండి. ముందు చక్కెర ఒక చెంచా వేసి కలపండి. వెలగదు. చక్కెర కరిగినా అణువు అణువుగానే ఉంటుంది, అయాన్లుగా విడిపోదు. అదే గ్లాసులో, అదే నీళ్లలో, ఇప్పుడు చిటికెడు ఉప్పు. లైటు లేస్తుంది. ఇంకో చిటికెడు వేస్తే ఇంకొంచెం. చక్కెరకు వేరే గ్లాసు, ఉప్పుకు వేరే గ్లాసు పెట్టేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. నీళ్లు మారకుండా వెలుగు వచ్చినప్పుడే కారణం ఉప్పేనని పిల్లవాడు తనంతట తాను అంటాడు. కొంతసేపటికి ఎంత ఉప్పు వేసినా వెలుగు పెరగదు, అక్కడ హద్దు పెడుతున్నది మన రెసిస్టరు.

అర నిమిషానికి మించి ఉంచొద్దు, తెర వేసినా కిటికీ తెరిచే ఉండాలి. మైనస్ పెన్సిల్ దగ్గర హైడ్రోజన్ బుడగలు, ప్లస్ దగ్గర కొద్దిగా క్లోరిన్ వస్తాయి, బ్లీచింగ్ పౌడరు లాంటి వాసన తగలొచ్చు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకూడదు. ఆ బుడగలను మాత్రం పిల్లలకు చూపించండి. వైరులో ఎలక్ట్రాన్లు నడిచాయి, నీళ్లలో అయాన్లు నడిచాయి, వాటి మధ్య మార్పిడి జరిగే చోటు అదే. పెన్సిళ్ల బదులు రాగి తీగలు ముంచితే తీగ కూడా చర్యలో కలిసి నీళ్లు రంగు మారి మురికవుతాయి, ఈ మాట చెప్పడం కష్టమవుతుంది.

మల్టీమీటరు పెడితే అంకెలొస్తాయి కదా అంటారు. ఓమ్‌లలో పెట్టి నీళ్లలో ముంచితే అంకె నిలవదు, జారుతూనే ఉంటుంది, ఎందుకంటే ఒకే దిక్కుకు పారే డీసీ కరెంటుతో కొసల దగ్గర అయాన్లు పేరుకుంటాయి. టార్చి బల్బుకైతే చాలా ఎక్కువ కరెంటు కావాలి, నిమ్మరసంలో అది వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది.

మన ఊరి నీళ్లు

ఇక గ్లాసులు వరుసగా పెట్టి కల్యాణి డ్యామ్ నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఆర్వో నీళ్లు పోల్చండి. ఒక్కో పరీక్ష మధ్య పెన్సిళ్లు కడగాలి. ఆర్వో సర్వీసు వాళ్ల చేతిలో ఉండే టీడీఎస్ మీటరు చేసేదీ ఇదే, నీటి వాహకతను కొలిచి, లెక్కగట్టి కరిగిన లవణాల అంకె చూపిస్తుంది. అందులో డీసీకి బదులు దిక్కు మారుతూ ఉండే ఏసీ వాడతారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. అయితే లైటు మసకగా ఉంటే మంచినీళ్లు, ప్రకాశంగా ఉంటే చెడ్డనీళ్లు అని తీర్పు చెప్పకండి. రోగక్రిములు ఉన్నాయో లేదో ఈ లైటుకు తెలియదు.

చార్టులో నాలుగు వరుసలు చాలు: వస్తువు, ఊహ, లైటు, కరెంటును మోసింది ఎలక్ట్రానా, అయానా, లేక రెండూ లేవా. తప్పిన ఊహను రబ్బరుతో చెరపనివ్వకండి. పని అయ్యాక బ్యాటరీ క్లిప్పు ఊడదీసి పెట్టండి, నీళ్లు సింకులో పోసేయండి, ముంచిన పెన్సిళ్లను మళ్లీ రాతకు వాడకండి.