జెండా కొలత, జెండా అర్థం: పంద్రాగస్టుకు ముందు చేసుకోవలసిన పనులు

ఆగస్టు మొదటి వారం దాటగానే అనంతపురం గడియార స్తంభం చుట్టుపక్కల తోపుడు బండ్ల మీద మూడు రంగుల జెండాలు దిగుతాయి. జేబుకు గుచ్చుకునే కాగితపు జెండా మొదలుకొని మిద్దె మీద కట్టుకునే పెద్ద జెండా దాకా అన్నీ అక్కడే దొరుకుతాయి. వాటిని టేపు పెట్టి కొలిస్తే కొన్ని పొడవుగా సాగి ఉంటాయి, కొన్నింటిలో చక్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, కొన్నింటిలో చక్రంలోని ఆకుల (చువ్వల) సంఖ్య ఇరవై దగ్గరే ఆగిపోతుంది. ఈ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో డ్రాయింగు చెబుతూ చాలా ఏళ్లు జెండా పని కూడా చూసుకున్నవాడిగా నేను గమనించినది ఒకటుంది. రంగుల అర్థాలను అందరూ గడగడా చెబుతారు గాని, ఆ అర్థాలను మోసే కొలతలను పట్టించుకునేవారు తక్కువ. అందువల్ల పాఠశాలలోనో, సచివాలయంలోనో, అపార్టుమెంటులోనో జెండా బాధ్యత మీద పడినవారి కోసం పనిని మొదటినుంచీ వరుసగా రాస్తున్నాను.

కొనేటప్పుడు

జాతీయ పతాకం పొడవు, వెడల్పుల నిష్పత్తి 3:2. దుకాణంలో దీన్ని సరిచూడడానికి లెక్కల పుస్తకం అక్కర్లేదు. వెడల్పును కొలిచి, అందులో సగాన్ని దానికే కలిపితే వచ్చినంత పొడవు ఉండాలి. రెండడుగుల వెడల్పుకు మూడడుగుల పొడవు సరైనది. మూడడుగుల వెడల్పుకు ఐదడుగుల పొడవు ఉన్న జెండాను అమ్మేవారు ఎంత నచ్చజెప్పినా తీసుకోకూడదు, ఎందుకంటే అక్కడ నాలుగున్నర అడుగులే ఉండాలి. కొలిచేటప్పుడు తాడు దూర్చడానికి పక్కన కుట్టిన తెల్ల పట్టీని లెక్కలోకి తీసుకోరాదు.

అధికారికంగా నిర్ణయించిన పరిమాణాలు తొమ్మిది. అన్నిటికంటే పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 మిల్లీమీటర్ల వెడల్పు కలిగినది కాగా, అన్నిటికంటే చిన్నదైన 150, 100 మిల్లీమీటర్లది బల్ల మీద పెట్టుకునేది. కార్లకు 225, 150 మిల్లీమీటర్ల జెండా వాడతారు. అయితే కారు మీద జెండా ఎగరేసే అధికారం రాష్ట్రపతి, గవర్నర్లు, మంత్రులు వంటి కొందరు పదవుల్లోని వారికే ఉంది గాని, పండుగ ఉత్సాహంలో ఉన్న ప్రతివారికీ లేదు. సాధారణ పాఠశాల స్తంభానికి 900, 600 మిల్లీమీటర్ల జెండా గాని, స్తంభం ఎత్తయినదైతే 1350, 900 మిల్లీమీటర్లది గాని చక్కగా అమరుతుంది.

గుడ్డ విషయానికి వస్తే, చేతితో వడికి నేసిన గుడ్డ మాత్రమే వాడాలన్న పాత నియమాన్ని 2021 డిసెంబరులో సడలించారు. ఇప్పుడు నూలు, ఉన్ని, పట్టు, ఖాదీతో పాటు పాలిస్టరును, యంత్రం మీద నేసిన గుడ్డను కూడా అనుమతిస్తున్నారు. అయినా నా ఓటు ఖాదీకే. గుంతకల్లు నుంచి రైలెక్కితే చేరుకునే హుబ్బళ్లిలో, భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తింపుతో ఖాదీ జెండాలు తయారుచేసే సంఘం ఉంది. ఆ జెండాను చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. పాలిస్టరు చౌక, తేలిక, వానకు తడిసినా త్వరగా ఆరుతుంది, కాని ఒకవైపే అచ్చువేసిన పాలిస్టరు జెండాలో రెండోవైపు చక్రం వెలవెలబోతుంది. కాబట్టి ఏ గుడ్డయినా సరే, వెనుకకు తిప్పి చూడకుండా డబ్బు చెల్లించవద్దు. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టిన సీమ మనది; ఆషాఢ శ్రావణాల గాలికి జెండా చివరి అంచే మొదట పీలికలవుతుంది. ఆ అంచున రెండు వరుసల కుట్టు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

చక్రం గీయడం

పిల్లల చేత చార్టు మీద జెండా గీయించాలనుకుంటే 45 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఎంచుకోవడం అన్నిటికంటే సులువు. మూడు పట్టీలూ సమానం కనుక ఒక్కొక్కటి 10 సెంటీమీటర్లు వస్తుంది. ఎడమ అంచు నుంచి 22.5, పై అంచు నుంచి 15 సెంటీమీటర్ల దగ్గర చుక్క పెడితే అదే కేంద్రం. ఈ పరిమాణపు జెండాకు చక్రం వ్యాసం 9 సెంటీమీటర్లు, అంటే వృత్తలేఖినిని 4.5 సెంటీమీటర్లకు తెరవాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటేమిటంటే చక్రాన్ని తెల్ల పట్టీ అంచులకు తాకేలా గీయడం. నిజానికి పైనా కిందా కొంచెం తెలుపు మిగలాలి. 900 మిల్లీమీటర్ల జెండాలో పట్టీ 200, చక్రం 185 మిల్లీమీటర్లు ఉండడంలోని ఉద్దేశం అదే.

ఆకులు 24. బండి చక్రానికి ఉండే ఆకుల వంటివే కనుక ఆ మాటే వాడుతున్నాను. 360 డిగ్రీలను 24తో భాగిస్తే 15 వస్తుంది కాబట్టి కోణమానిని ఉంటే ప్రతి 15 డిగ్రీలకూ ఒక గుర్తు పెట్టవచ్చు. కోణమానిని లేకపోయినా ఇబ్బంది లేదు. వృత్తలేఖినిని అదే 4.5 సెంటీమీటర్ల కొలతతో ఉంచి వృత్తం మీద వరుసగా అడుగులు వేయిస్తే సరిగ్గా ఆరు గుర్తులు పడతాయి. వాటి మధ్య కోణాలను ఒకసారి సమద్విఖండన చేస్తే పన్నెండు, మరొకసారి చేస్తే ఇరవై నాలుగు అవుతాయి. మొదటి గుర్తును నిట్టనిలువుగా పైన పెట్టుకోవడం మరవరాదు, లేకపోతే చక్రం మొత్తం ఒరిగినట్లు కనిపిస్తుంది. ఆకుల మధ్య అంచు లోపలివైపున చిన్న అర్ధవృత్తాలు కూడా ఉంటాయి. చక్రం రంగు ముదురు నీలం. నలుపు కాదు, ఆకాశనీలం కాదు.

ఈ ఇరవై నాలుగు ఆకులకూ ఒక్కొక్క సద్గుణం పేరు చెబుతూ ఒక పట్టిక ఏటా ఫోన్లలో తిరుగుతుంది. పాఠశాల గోడ మీద రాసే ముందు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానంలో అలాంటి పట్టిక లేదు. చక్రం సారనాథ్‌లోని అశోకుడి సింహ శిఖరం పీఠం మీద ఉన్న చక్రాన్ని పోలి ఉండాలనీ, దాని వ్యాసం సుమారుగా తెల్ల పట్టీ వెడల్పు ఉండాలనీ మాత్రమే అందులో ఉంది.

అశోకుడి పేరు రాగానే పిల్లల చూపు ఉత్తరాదికి పోతుంది గాని, ఆయన మాటలు మన సీమ రాళ్ల మీదే ఉన్నాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలోని ఎర్రగుడి దగ్గర, కర్నూలు జిల్లా గుట్టల మీద ఆయన శాసనాలు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చెక్కి ఉన్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు సాగడం ఒక వింత. జెండా పాఠం చెప్పే ఉపాధ్యాయులకు వీలైతే ఆ గుట్ట దగ్గరికి పిల్లలను ఒకసారి తీసుకువెళ్లమని నా సలహా. ధర్మచక్రం గురించి పది మాటలు చెప్పడం కంటే అది మేలు.

అర్థం చెప్పేటప్పుడు

రంగుల అర్థం కాలంతో పాటు మారిందన్న సంగతిని దాచకుండా చెప్పడమే మంచిది. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన జెండాలో ఎరుపు, ఆకుపచ్చ రెండే ఉన్నాయి, అవి రెండు ప్రధాన మతాలకు గుర్తులుగా భావించినవి. మిగిలినవారి కోసం తెలుపును గాంధీజీ కలపమన్నారు, రాట్నం కూడా చేరింది. 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను స్వీకరించినప్పుడు ఆ రంగులకు మతపరమైన అర్థం లేదని స్పష్టంగా ప్రకటించి, ధైర్యత్యాగాలకు కాషాయం, సత్యశాంతులకు తెలుపు, విశ్వాస శౌర్యాలకు ఆకుపచ్చ అని చెప్పింది. 1947లో రాజ్యాంగ సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ మరో విధంగా వివరించారు. కాషాయం నాయకులకు ఉండవలసిన నిస్వార్థానికీ, తెలుపు సత్యమార్గంలో నడిపించే వెలుగుకూ, ఆకుపచ్చ మన బతుకులు ఆధారపడిన నేలతో, మొక్కలతో ఉన్న బంధానికీ, చక్రం ధర్మానికీ కదలికకూ గుర్తులని ఆయన భావం. వానకోసం ఎదురుచూసే మన ఊళ్లలో ఆకుపచ్చకు ఆయన చెప్పిన అర్థం విడమరచవలసిన అవసరం లేకుండానే పిల్లలకు అందుతుంది.

రాట్నం పోయి చక్రం ఎందుకు వచ్చిందని ప్రతి ఏడూ ఒక పిల్లవాడైనా అడుగుతాడు. జెండా రెండువైపులా ఒకేలా కనిపించాలి; రాట్నమైతే వెనుకవైపు తిరగబడి కనిపిస్తుంది. తీర్మానాన్ని ప్రతిపాదించిన నెహ్రూ తన ప్రసంగంలో ఈ ఇబ్బందిని ప్రస్తావించారు.

దేశానికి త్రివర్ణ పతాకంతో పాటు మరికొన్ని అధికారిక పతాకాలు కూడా ఉన్నాయి. నౌకాదళ పతాకం తెల్లనిది. దాని పై మూలన త్రివర్ణం ఉంటుంది. బ్రిటిషు కాలం నుంచి మిగిలిన ఎర్ర శిలువను తొలగించి, శివాజీ ముద్ర స్ఫూర్తితో నీలి అష్టభుజిలో లంగరును, జాతీయ చిహ్నాన్ని ఉంచిన కొత్త రూపాన్ని 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో ఆవిష్కరించారు. వైమానిక దళానిది లేత నీలం నేల, వాణిజ్య నౌకలది ఎర్ర నేల, రెంటికీ మూలన త్రివర్ణమే. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక అధికారిక జెండా లేదు. పూర్ణకుంభం ఉన్నది రాష్ట్ర చిహ్నంలో.

ఎగరేయడం

పధ్నాలుగో తేదీ సాయంత్రమే స్తంభం దగ్గరికి వెళ్లాలి. గిలక తిరుగుతోందా, తాడు ఎక్కడైనా నలిగిందా అని చూసి, గిలకకు రెండు చుక్కల నూనె వేయాలి. సీమ ఎండకు నైలాను తాడు ఏడాదిలో పెళుసుబారుతుంది. ఆ తరువాత కాషాయం పైకి వచ్చేలా జెండాను తాడుకు కట్టి ఒకసారి పైదాకా లాగి చూసుకోవాలి.

స్వాతంత్ర్య దినాన జెండాను కింద నుంచి పైకి తీసుకువెళ్లడం, గణతంత్ర దినాన పైన కట్టి ఉంచినదాన్ని విప్పడం ఢిల్లీ ఆనవాయితీగా చెబుతారు. మన పాఠశాలల్లో రెండు రోజులూ మడతపెట్టి పూలరేకులు ఉంచి విప్పడమే అలవాటు. జెండాలో ఏ వస్తువూ మోయకూడదన్న నియమం ఉన్నా, ఇలాంటి దినాల్లో పూలరేకులకు మినహాయింపు ఉంది. రేకులంటే రేకులే, కట్ట చామంతులను కాడలతో సహా కుక్కితే ముడి బిగుసుకుపోతుంది. ఒక జనవరి 26న ముఖ్య అతిథి ఎంత లాగినా జెండా విచ్చుకోలేదు. వరుసల్లో నిలబడిన పిల్లలు మొదట నవ్వు ఆపుకున్నారు, తరువాత ఆపుకోలేకపోయారు. ముడి వేసినవాడిని నేనే. నాటి నుంచి జారుముడి తప్ప వేరే ముడి వేయలేదు, వేసిన ముడిని ముందు రోజు మూడుసార్లు లాగి చూడకుండా ఇంటికి వెళ్లలేదు.

పాఠశాలలో పిల్లలను మూడువైపులా నిలబెట్టి, నాలుగో వైపు మధ్యలో స్తంభం ఉండేలా చూసుకోవాలి. జెండాను చురుగ్గా ఎగరేయాలి, నెమ్మదిగా, గౌరవంగా దించాలి. దాని కంటే ఎత్తులో గాని, దానితో సమానంగా పక్కన గాని మరో జెండా ఉండకూడదు. ఒకే కర్రకు రెండు జెండాలు కట్టకూడదు. వేదిక మీద పెడితే సభికుల వైపు తిరిగిన వక్తకు కుడిపక్కన ఉండాలి. గోడకు నిలువుగా తగిలిస్తే చూసేవారికి కాషాయం ఎడమవైపు కనిపించాలి. ఇది చాలామంది తిరగేసే నియమం. జెండా మీద సంఘం పేరు గాని, దాత పేరు గాని రాయించకూడదు. సంతాప సూచకంగా అవనతం చేసేటప్పుడు ముందు కొసదాకా తీసుకువెళ్లి ఆ తరువాతే సగానికి దించాలి. సాయంత్రం దించే ముందు కూడా మళ్లీ పైదాకా తీసుకువెళ్లాలి.

ఇళ్ల మీద ఎగరేసే విషయంలో పూర్వం ఉన్న పరిమితులను 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన పతాక నియమావళి సడలించింది. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి భావప్రకటన స్వేచ్ఛలో భాగమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 జులై నుంచి ఇంటి మీద రాత్రి కూడా ఉంచవచ్చు. అలాగని పీలికలైనదాన్ని వదిలేయడం కుదరదు. జెండాను అవమానిస్తే 1971 నాటి చట్టం ప్రకారం మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

దించిన తరువాత

జెండా నేలకు తాకకుండా ఇద్దరు పట్టుకొని, బల్లపరుపుగా చాచాలి. కాషాయం, ఆకుపచ్చ పట్టీలను తెల్ల పట్టీ కిందికి మడిచి, తెల్ల పట్టీని రెండు పక్కల నుంచి చక్రం వైపు మడిస్తే, చక్రంతో పాటు రెండు రంగుల అంచులు మాత్రమే కనిపిస్తాయి. అలా మడిచినదాన్ని రెండు అరచేతుల మీద మోసుకువెళ్లి పొడి పెట్టెలో ఉంచాలి. తడిసి ఉంటే ఆరబెట్టకుండా మడవవద్దు. పచ్చరంగు తెలుపులోకి దిగితే ఆ జెండా ఇక పనికిరాదు.

చిరిగినదాన్ని, వెలిసినదాన్ని తుడుపుగుడ్డగానో, బండి మీద కప్పుగానో వాడకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. ముక్కలు చేయకుండా, ఎవరూ చూడని చోట, పూర్తిగా కాలిపోయేలా కాల్చాలి. కాగితపు జెండాలకూ ఇదే వర్తిస్తుంది. పదహారో తేదీ ఉదయం బడి ఆవరణలో, బడి ముందు రోడ్డు మీద పడి ఉన్నవాటిని ఏరడానికి ఇద్దరు పెద్ద పిల్లలకు ఒక సంచి ఇచ్చి ముందుగానే పని అప్పగించాలి. ప్రార్థన గంట కొట్టేలోపు ఆ పని అయిపోతుంది.