అమ్మాలా, ఆగాలా: మిర్చి ధరలకు గిట్టుబాటు గీత గీసి చూసే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డుకు తెచ్చిన టిక్కీలను (మిర్చి బస్తాలను) ఆ రోజు ధరకే అమ్ముకోవాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి నాలుగైదు నెలలు ఆగాలా అన్నది రైతు కుటుంబానికి ఏడాది కష్టంతో ముడిపడిన నిర్ణయం. ధర, వడ్డీ, అద్దె, తరుగు, వెనకటి సంవత్సరాల అనుభవం అన్నింటినీ ఒకేసారి మనసులో పెట్టుకుని తూచడం ఎవరికైనా కష్టమే కనుక, చాలాసార్లు చివరగా చెవిన పడిన మాటే నెగ్గుతుంది. ఇవన్నీ ఒకే గ్రాఫులోకి తెస్తే ఇంట్లో నలుగురూ చూసి మాట్లాడుకోవచ్చు. అందుకు గడుల్లో అంకెలు వేసి లెక్కలు, గ్రాఫులు చేసే గూగుల్ షీట్స్ గానీ, ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ క్యాల్క్ గానీ చాలు. టాబ్లో, పవర్ బీఐ వంటి పెద్ద గ్రాఫు సాఫ్ట్‌వేర్లు ఎందరో రైతుల సరుకు చూసే సంఘాలకు ఉపయోగపడతాయి గానీ, ఒక ఇంటి లెక్కకు వాటి అవసరం లేదు.

ముందుగా కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ పోర్టల్ నుంచి వీలైనన్ని సంవత్సరాల ధరలు తీసుకోవాలి. అందులో కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉంటాయి. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర మోడల్ ధర కాబట్టి దాన్నే ఎంచుకోవాలి. తేజ రకం ధరలను 334 రకం ధరలతో గానీ, మంచి కాయ ధరలను తాలు (నాసిరకం కాయ) ధరలతో గానీ కలపకూడదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చిన రోజుల గడులను ఖాళీగా వదలాలి. అక్కడ సున్నా వేస్తే గీత ఒక్కసారిగా అడుగుకు పడిపోయి, ధరే కుప్పకూలినట్టు కనిపిస్తుంది.

ధరల స్థాయి ఏటా మారుతుంది కాబట్టి రూపాయల్లో గీసిన గీతలను నేరుగా పోల్చలేము. అందువల్ల ప్రతి సంవత్సరం ఏప్రిల్ ధరను 100గా తీసుకుని, తర్వాతి నెలల ధరలను దానితో పోల్చి లెక్కించాలి. అడ్డంగా నిల్వ పెట్టిన నెలలు, నిలువుగా ఈ సూచీ ఉంచి, ఒక్కో సంవత్సరానికి ఒక్కో సన్నని బూడిదరంగు గీత గీయాలి. అన్ని సంవత్సరాలకూ కలిపి ఒకే సగటు గీత గీయడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ 1973లో అంకెల పట్టికలు నాలుగు చూపించాడు. వాటి సగటులు దాదాపు ఒకటే అయినా, గ్రాఫు గీస్తే నాలుగూ నాలుగు రకాలుగా కనిపిస్తాయి. రైతును ముంచే చెడ్డ సంవత్సరం కూడా సగటులో అలాగే కనిపించకుండా పోతుంది.

ఇక అసలైనది గిట్టుబాటు గీత, అంటే ఆగినందుకు నష్టం రాకుండా ఉండాలంటే ఏ నెలలో ధర ఎంత ఉండాలో చూపే గీత. లెక్క కోసం నేటి ఏప్రిల్ ధర (సూచీలో 100) క్వింటాలుకు 14,000 రూపాయలు, వడ్డీ నెలకు నూటికి రూపాయిన్నర, అద్దె, హమాలీ కలిపి 500 రూపాయలు, ఐదు నెలల తరుగు నూటికి రెండు కిలోలు అనుకుందాం. నేటి ధరకు ఐదు నెలల వడ్డీ 1,050, ఖర్చులు 500 కలిపితే 15,550 అవుతుంది. మిగిలేది 98 కిలోలే కనుక దాన్ని 0.98తో భాగిస్తే దాదాపు 15,870 వస్తుంది. అంటే ఐదో నెలలో సూచీ 113 దాటితేనే ఆగినందుకు ఏమైనా మిగులుతుంది. అద్దె మొదట్లోనే ఖాయమవుతుంది కాబట్టి ఈ గీత 104కు కాస్త దిగువన మొదలై, నెలనెలా పైకి జరుగుతుంది. అప్పు లేని రైతు కూడా బ్యాంకు వడ్డీనైనా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు బూడిద గీతల్లో ఎన్ని గిట్టుబాటు గీతకు పైన ఉన్నాయో, ఎన్ని కింద ఉన్నాయో ఐదో నెల దగ్గర లెక్కపెట్టాలి. అంతటితో ఆగకుండా, అన్నింటికన్నా కిందకు దిగిన గీతను రూపాయల్లోకి మార్చి చూడాలి. అది 90 దగ్గర ఉందనుకుంటే పై లెక్క ప్రకారం క్వింటాలుకు సుమారు 3,200, నలభై క్వింటాళ్లకు లక్షా 28 వేల నష్టం. ఆ నష్టాన్ని ఇల్లు తట్టుకోగలదా అన్నదే ఆలోచించవలసిన ప్రశ్న. తట్టుకోలేనప్పుడు అప్పు తీరే మేరకు సరుకు ఇప్పుడే అమ్మి, మిగిలింది మాత్రమే నిల్వ ఉంచవచ్చు. ఈ ఏడాది సాగు విస్తీర్ణం, ఎగుమతులు, గిడ్డంగుల్లో మిగిలిన పాత నిల్వ ఈ గీతల్లో కనిపించవు కాబట్టి వాటిని విడిగా తెలుసుకోవాలి.

గ్రాఫును జిరాక్స్ తీస్తే రంగుల తేడా పోతుంది కనుక, గిట్టుబాటు గీతను మందంగా, విడివిడి చుక్కలతో గీసి, దాని పక్కనే పేరు రాయాలి. వడ్డీ, అద్దె, తరుగు అంకెలను విడి గడుల్లో ఉంచితే, వాటిలో ఏది మారినా గీత దానంతటదే జరుగుతుంది.