స్టాక్‌హోంలో మ్యూజియంలు చూడాలంటే ముందు మీ లిస్టులో సగం కొట్టేయండి

మొదటిసారి స్టాక్‌హోం వెళ్లినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒక్కరోజులో ఐదు మ్యూజియంలు చూడటం. పాస్ కొన్నాం కదా, పెట్టిన డబ్బు గిట్టాలి అని లెక్క. సాయంత్రానికి గుర్తున్నవి రెండే, కాళ్ల నొప్పీ, మధ్యలో ఎక్కడో తిన్న దాల్చినచెక్క బన్నూ. ఏ కత్తి ఏ రాజుదో, ఏ నాణెం ఏ గదిలో చూశానో అంతా కలగాపులగం అయిపోయింది. తర్వాత వెళ్లిన ప్రతిసారీ ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. మ్యూజియంకి ఒక వస్తువు ఎంచుకుని, దాని కథ ముందే కాస్త చదువుకుని, నేరుగా దాని దగ్గరికి వెళ్లిపోతాను. మిగతాదంతా కంటికి ఆనితే చూసినట్టు, ఆనకపోతే లేదు.

ఈ ఊళ్లో ఒక్కో విషయానికే అంకితమైన మ్యూజియంలు బోలెడున్నాయి, పోస్టుకొకటి, మద్యానికొకటి, ట్రాములకొకటి, పాటల బృందం ఆబ్బాకొకటి. అన్నీ చూడాలనుకుంటే వారం చాలదు. కాబట్టి రోజుకి రెండు, పొద్దున ఒకటి పెద్దది, మధ్యాహ్నం ఒకటి చిన్నది. అంతకు మించి పెట్టుకోకండి, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే. కిస్టా వైపు ఐటీ ఉద్యోగాలు చేసే మనవాళ్ల దగ్గరికి వేసవిలో అమ్మానాన్నలు వస్తుంటారు కదా, వాళ్లని పొద్దున్నుంచి రాత్రి దాకా తిప్పి మర్నాడు మోకాళ్లకి మందు రాయడం కన్నా ఇదే నయం.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి కొన్ని. చిన్న మ్యూజియంలు చాలావరకు సోమవారం మూసేస్తారు. వేసవి వేళలు వేరు, చలికాలం వేళలు వేరు, జూన్‌లో మిడ్‌సమ్మర్ పండుగకీ క్రిస్మస్‌కీ తాళాలు పడతాయి. నేను ఒక సోమవారం వర్షంలో అరగంట నడిచి వెళ్లి మూసిన తలుపు ముందు నిలబడ్డాను, తప్పు నాదే, ముందురోజు రాత్రి వాళ్ల వెబ్‌సైట్ ఒక్కసారి చూసి ఉంటే సరిపోయేది. రెండోది డబ్బు. ఇక్కడ నోట్లు చూపిస్తే కౌంటర్లో మనల్ని వింతగా చూస్తారు, అంతా కార్డే. ఇండియా నుంచి తెచ్చుకున్న కార్డు అయితే బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలూ, తాకించి కట్టే సౌకర్యమూ ఆన్ చేసుకోండి, లేదంటే మెట్రో గేటు దగ్గరే మొదలవుతుంది టెన్షన్. అదే కార్డు గేటుకి తాకిస్తే టికెట్ వచ్చేస్తుంది, 75 నిమిషాలు చెల్లుతుంది, ఆ లోపల బస్సు, ట్రాము, మెట్రో ఏదైనా మారొచ్చు. యూర్గార్డెన్ దీవికి వెళ్లే చిన్న పడవ కూడా ఇదే టికెట్ మీద ఎక్కొచ్చు. స్లుస్సెన్ నుంచి ఆ పడవలో వెళ్లండి, ట్రాములో కంటే అందులోనే సరదా.

ఇక అసలు విషయం. నన్నడిగితే మొదటి రెండు రోజులకి 1628 అనే ఒక్క సంవత్సరం పట్టుకోండి. అప్పటి రాజు రెండో గుస్తావ్ అడాల్ఫ్. ఆయన ఓడ ఒక మ్యూజియం, ఆయన బట్టలు ఇంకో మ్యూజియం, ఆయన కూతురి కాలంలో పోసిన డబ్బు మూడోది. ఇలా ఒక దారం దొరికితే గదులు మారినా కథ తెగదు.

ఓడ పేరు వాసా, దాని మ్యూజియం యూర్గార్డెన్ దీవి మీదే. 1628 ఆగస్టు 10న బయల్దేరి సుమారు 1300 మీటర్లు వెళ్లి, గాలి ఒక్కసారి గట్టిగా తోసేసరికి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు చొరబడి, ఊరి జనం చూస్తుండగానే మునిగిపోయింది. కారణం చెప్పుకోవడానికి తేలికే, పైన బరువెక్కువ, కింద సన్నం. రెండు ఫిరంగి అంతస్తులు, మొత్తం 64 ఫిరంగులు, అడుగున ఆ బరువుకి సరిపడా రాళ్లు పోసే చోటు లేదు. అంతకు ముందే 30 మంది నావికుల్ని డెక్ మీద ఆ పక్క నుంచి ఈ పక్కకి పరిగెత్తించి పరీక్ష చేస్తే, మూడో పరుగుకే ఓడ ఊగిన తీరు చూసి ఆపేశారు. ఆపేసి ఏం చేశారు? ఏమీ లేదు. యుద్ధంలో ఉన్న రాజు తొందరపెడుతున్నాడు, ఆయనకి ఎవరు చెప్తారు? తర్వాత విచారణ జరిగింది, ఎవరికీ శిక్ష పడలేదు. రిలీజ్ తేదీ కోసం ఫెయిలైన టెస్టుని పక్కన పెట్టిన ప్రాజెక్టుల్లో పనిచేసిన వాళ్లకి ఈ కథ నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

333 ఏళ్లు నీళ్లలో ఉండి 1961 ఏప్రిల్ 24న పైకొచ్చింది. చెక్కని తొలిచి తినే ఓడపురుగు ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్లలో బతకదు, అందుకే అంత కాలం నిలిచింది. బయటికొచ్చాక ఎండి పగిలిపోకుండా పాలిథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి రసాయనాన్ని 17 ఏళ్లపాటు చల్లుతూనే ఉన్నారు. ఇప్పుడు మీరు చూసేదాంట్లో దాదాపు 98 శాతం అసలు ఓడే.

చూసే పద్ధతి ఇది. పొద్దున తలుపు తీయగానే లోపల ఉండండి, పదకొండు దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి. లోపలికి అడుగుపెట్టగానే ఓడ ఎదురుగా కొండలా నిలబడి ఉంటుంది, వెంటనే ఫోన్ తీయకండి, ఆ చీకటికి కళ్లు అలవాటు పడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ముందు ఇంగ్లిష్‌లో ఉండే చిన్న సినిమా చూసి, ఆ తర్వాత పదో వంతు సైజులో రంగులు వేసి పెట్టిన నమూనా దగ్గరికి వెళ్లండి. నల్లగా కనిపించే ఈ ఓడ అప్పట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో మెరిసిపోయేదని అక్కడే తెలుస్తుంది. తర్వాత పై అంతస్తుకి వెళ్లి వెనక భాగంలోని చెక్కడాలు చూస్తూ కిందికి దిగండి. నేను ఎంచుకున్న వస్తువు మాత్రం ఓడ కాదు, వడ్రంగులు వాడిన కొలబద్దలు. ఓడలో నాలుగు దొరికాయి, రెండింటిలో అడుగుకి 12 అంగుళాలు, మిగతా రెండింటిలో 11. ఒకే ఓడ మీద పని, అడుగు మాత్రం ఎవరిది వాళ్లకే. లోపల చెక్క కోసం 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంచుతారు, స్వెటర్ లాకర్లో పెట్టేయకండి. 18 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకి టికెట్ లేదు.

ఓడ చూశాక పక్కనే ఆబ్బా మ్యూజియం పిలుస్తుంటుంది. ఆ పాటలు ఇష్టమైతే వెళ్లండి, స్టేజీ ఎక్కి మీరూ పాడొచ్చు, ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి. పాటలు తెలియకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. నాకైతే అరగంటలో విసుగొచ్చింది, మా ఆవిడ గంటన్నర బయటికి రాలేదు.

భోజనం అయ్యాక వంతెన దాటి నార్వావేగెన్ అనే చెట్ల వీధిలో తిన్నగా నడిస్తే పావుగంటలో హిస్టరీ మ్యూజియం, ఆర్థిక మ్యూజియం కూడా ఆ ఆవరణలోనే. ఇక్కడి సేకరణలో ఒక రాగి పలక ఉంది, 1644 నాటిది, గుస్తావ్ అడాల్ఫ్ కూతురు క్రిస్టీనా రాణి కాలానిది. విలువ పది డాలర్లు (అమెరికావి కావు, స్వీడన్ పాత వెండి డాలర్లు), బరువు 19.7 కిలోలు. అది నాణెం! దేశంలో వెండి తక్కువ, రాగి గనులు ఎక్కువ, అందుకని వెండి విలువకి సరిపడా రాగినే పలకలుగా పోసి ముద్ర కొట్టారు. దాంతో సంతకి వెళ్లాలంటే బండి కట్టుకోవాల్సిందే. ఈ మోత తప్పించుకోవడానికే 1661లో స్టాక్‌హోం బ్యాంకు ఒకటి కాగితం నోట్లు వేసింది, యూరప్‌లో అవే మొదటివి. లెక్క లేకుండా వేసి కొన్నేళ్లకే మునిగింది, దాని బూడిదలోంచి 1668లో పుట్టిందే ఇప్పటి స్వీడన్ కేంద్ర బ్యాంకు. ఇరవై కిలోల డబ్బు మోసిన ఊళ్లో ఇప్పుడు జేబులో చిల్లర లేకుండా తిరుగుతున్నారు. ఆ పలక గురించి ముందే చదువుకుని వెళ్తే పక్కన అద్దాల్లో ఉన్న వందల నాణేలు కూడా వేరేగా కనిపిస్తాయి. అదే భవనంలో బంగారం గది కూడా ఉంది, ఓపిక మిగిలితే.

రెండో రోజంతా పాత ఊళ్లోనే, గామ్లాస్టాన్‌లో. అన్నీ పది నిమిషాల నడకలో ఉంటాయి, కాకపోతే రాళ్లు పరిచిన వీధులు, హీల్స్ వద్దు, సూట్‌కేస్ ఈడ్చుకుంటూ అసలే వద్దు. మొదట రాజభవనం కింద నేలమాళిగలో ఉన్న రాజ ఆయుధశాల. స్వీడన్‌లో అన్నిటికన్నా పాత మ్యూజియం ఇదే, మొదలైంది మళ్లీ 1628లోనే. పోలండ్ యుద్ధంలో తాను వేసుకున్న బట్టల్ని దాచిపెట్టండని గుస్తావ్ అడాల్ఫ్ ఆదేశించాడు. అదే ఏడు ఓడ మునిగింది, బట్టలు నిలిచాయి. 1632లో లుట్సెన్ యుద్ధంలో ఆయన చనిపోయినప్పుడు ఎక్కి ఉన్న గుర్రం స్ట్రైఫ్ కూడా ఇక్కడే ఉంది, చర్మాన్ని పాడవకుండా దాచి నిలబెట్టారు. ఇక్కడ మీ వస్తువుగా మూడో గుస్తావ్ రాజు వేషాన్ని ఎంచుకోండి. 1792 మార్చి 16 రాత్రి ఒపేరాలో ముసుగుల నృత్యానికి వేసుకెళ్లాడు, వెనక నుంచి కాల్చారు, 13 రోజులకి పోయాడు. వేసుకున్న బట్టలు, ముసుగు, కాల్చినవాడి పిస్తోళ్లు, అన్నీ ఉన్నాయి. అక్కడ ఎక్కువసేపు నిలబడతారు, చూడండి.

అక్కడి నుంచి స్టోర్‌టోరియెట్ కూడలికి వస్తే నోబెల్ మ్యూజియం. చిన్నది, పరికరాలకంటే చదవాల్సింది ఎక్కువ, ఇంగ్లిష్ గైడు వెంట తిరిగితేనే బాగుంటుంది. మన వైపు నుంచి చూడాల్సింది అమర్త్య సేన్ సైకిల్. 1943 బెంగాల్ కరువు మీద పరిశోధన చేస్తూ పాత కూలి రేట్ల లెక్కల కోసం పల్లెలు తిరిగిన సైకిలు అది, ఎకనామిక్స్ బహుమతి వచ్చింది 1998లో. విశాఖపట్నంలో బడికెళ్లిన సి.వి.రామన్ 1930లో ఫిజిక్స్ బహుమతి అందుకున్నదీ ఈ ఊళ్లోనే, లోపల ఆయన పేరు కూడా వెతకండి.

ఇంకా ఓపికుంటే దగ్గర్లోనే పోస్టల్ మ్యూజియం. 1847లో మారిషస్‌లో అచ్చైన స్టాంపులు, ఒక్కో రకం 500 మాత్రమే వేశారు, వాటిలో రెండు ఇక్కడున్నాయి. చిన్నప్పుడు స్టాంపులు పోగేసిన నాన్నగారు ఎవరైనా మీతో ఉంటే నోబెల్ వదిలేసి ఇక్కడికే తీసుకెళ్లండి.

వర్షం పడితే లేదా మూడో రోజు చేతిలో ఉంటే నడి ఊళ్లో హామ్న్‌గాటన్ మీద హాల్విల్ మ్యూజియం. ఒకే ఇంటావిడ, విల్హెల్మినా వాన్ హాల్విల్, ఇంట్లో ఉన్న ప్రతిదీ లెక్క రాయించి ఇంటితో సహా దేశానికి రాసిచ్చింది. సాలార్‌జంగ్ తెలిసిన వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఈవిడ వంటపాత్రలనీ, తన పెళ్లి కేకు ముక్కనీ కూడా వదల్లేదు. సుమారు 50 వేల వస్తువులు. అది చూశాక మా అమ్మ తన స్టీలు సామాను గురించి కొన్నాళ్లు నన్ను ఏమీ అననివ్వలేదు.

తిండి సంగతి. మ్యూజియం కెఫేల్లో శాకాహారం దొరుకుతుంది, కాకపోతే సూపు, సలాడ్, బ్రెడ్డే, కారం ఉండదు, ఆవకాయ చిన్న సీసా బ్యాగులో ఉంటే సిగ్గుపడక్కర్లేదు. మంచినీళ్లు కొనకండి, కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు, సీసా నింపుకుంటూ తిరగండి. కాఫీ మాత్రం నోబెల్ మ్యూజియం కెఫేలో తాగండి. కూర్చున్న కుర్చీని ఒకసారి తిరగేసి చూడండి, అక్కడికొచ్చిన నోబెల్ గ్రహీతలు అడుగున సంతకాలు చేసి వెళ్తారు. నాకు దొరికిన కుర్చీ కింద సంతకం ఎవరిదో ఎంత చూసినా చదవలేకపోయాను, డాక్టరు చీటీలా ఉంది.